సంజయులు చాలు, వికర్ణులు కావాలి

నిలబడి చూసినంత మాత్రాన ఏమి ఒరుగుతుంది? పాలస్తీనాలోని సైనిక తనిఖీ కేంద్రాల దగ్గరకు ప్రొద్దున్నే వెళ్ళి నిలుచుని, ఎవరిని ఆపారు, ఎంతసేపు ఆపారు, ఎవరిని వెనక్కి పంపారు అని చూసి వ్రాసుకునే స్వచ్ఛంద పరిశీలకుల ప్రసక్తి వచ్చినప్పుడల్లా మన విద్యావంతుల నోట మొదట వెలువడే ప్రశ్న ఇదే. దాని వెనుకనే మరి మూడు ఆక్షేపణలు వరుసగా వస్తాయి. వాళ్ళది ఒక పక్షపు చూపట. వాళ్ళు అక్కడ నిలబడడం వల్ల అన్యాయానికే మర్యాద దక్కుతుందట. పోనీ ఇవన్నీ ప్రక్కన పెట్టినా, మన గొడవలు మనకు ఉండగా ఎక్కడో ఉన్న హెబ్రోను పట్టణం సంగతి మనకెందుకట.

ఈ నాలుగు మాటలూ నిలువవని నా వాదం. చివరి మాటకు ఎక్కువ చోటు ఇస్తాను. ఎందుకంటే నేను ఈ టపా వ్రాస్తున్నది సిర్గాపూర్‌లో కూర్చుని. చూసినవాడు నోరు విప్పకపోతే, విప్పినా అది ప్రజల చెవిన పడకపోతే, డెబ్భై ఏళ్ళ తరువాత కూడా ఒక ప్రాంతం ఏమవుతుందో తెలుసుకోవడానికి మా ప్రాంతం కంటే మంచి ఉదాహరణ అక్కరలేదు.

ముందు ఒక్క మాట అర్థం చూద్దాం. జీవితమంతా బడిపిల్లలకు వ్యాకరణం చెప్పినవాణ్ణి, ఆ అలవాటు పోదు. సాక్షి అంటే ఎవరు? "సాక్షాత్" అనే అవ్యయం నుంచి ఆ మాట పుట్టిందని, స్వయంగా చూసినవాడని దాని అర్థమని పాణిని నాటి నుంచీ చెబుతూనే ఉన్నారు. అయితే లోకవ్యవహారంలో ఆ అర్థం అక్కడితో ఆగలేదు. చూసి ఊరుకున్నవాణ్ణి మనం సాక్షి అనము. చూసి, పదిమంది ఎదుట చెప్పడానికి సిద్ధపడ్డవాణ్ణే సాక్షి అంటాము. కన్ను సగం, నోరు సగం. నా వాదమంతా ఈ రెండవ సగాన్ని గురించే.

* * *

హెబ్రోను సంగతి తెలియని చదువరుల కోసం క్లుప్తంగా చెబుతాను. యూదులకూ ముస్లిములకూ కూడా పూజ్యుడైన అబ్రహాము సమాధి ఉన్న ఊరు అది. 1929లో అక్కడ అరబ్బుల మూక 67 మంది యూదులను చంపింది. ఎందరో యూదులను వారి అరబ్బు ఇరుగుపొరుగువారే ఇళ్ళలో దాచి కాపాడారు. 1994 ఫిబ్రవరి 25న, రంజాను మాసంలో, ఒక యూదు వలసనివాసి ఇబ్రహీమీ మసీదులో ప్రార్థన చేసుకుంటున్నవారి మీద తుపాకి పేల్చి 29 మందిని చంపాడు. ఈ రెండు తేదీలనూ కలిపి చెప్పనివాడు ఆ ఊరి కథ సగమే చెప్పినట్టు.

1997 జనవరిలో కుదిరిన ఒడంబడిక ఆ ఊరిని రెండు ముక్కలు చేసింది. సుమారు ఎనభై శాతం పాలస్తీనా పాలనాధికారుల చేతికి, ఇరవై శాతం ఇజ్రాయెలు సైన్యం చేతికి వచ్చాయి. ఆ ఇరవై శాతంలోనే పాత బజారు ఉంది, మసీదు ఉంది, కొన్ని వందలమంది యూదు వలసనివాసులు ఉన్నారు, వారి చుట్టూ వేల సంఖ్యలో పాలస్తీనీయులు ఉన్నారు. ఊళ్ళో పెద్ద అంగడి వీధి షుహదా వీధి. 1994లో చచ్చిపోయినవారు పాలస్తీనీయులు. ఆ తరువాత వాహనాలకు మూతపడింది వారి వీధి. 2000లో మొదలైన తిరుగుబాటు కాలంలో దానిలో చాలా భాగం పాలస్తీనీయుల కాలినడకకు కూడా మూతపడింది. దుకాణాల తలుపులకు వెల్డింగు పడింది. వీధివైపు వాకిలి ఉన్న ఇళ్ళవాళ్ళు దొడ్డిదారిన, మిద్దెల మీదుగా రాకపోకలు సాగించవలసి వచ్చింది. బడికి పోయే పిల్లలు తుపాకుల నడుమ సంచులు విప్పి చూపి పోవలసి వచ్చింది.

ఇక్కడ ఒక ఉపాధ్యాయుడిగా ఆగకుండా ఉండలేను. మనం హాజరు పట్టీలో పిల్లవాడి పేరు ఎదుట గైర్హాజరు అని వ్రాస్తాం. ఎందుకు రాలేదని అడిగితే జ్వరమనో, పత్తి ఏరడానికి పోయాడనో, పెళ్ళికి పోయాడనో చెబుతారు. తనిఖీ దగ్గర ముక్కాలు గంట ఆపారు కాబట్టి మొదటి పీరియడు పోయిందని ఏ పట్టీలో వ్రాయాలి? దానికి గడి లేదు. ఆ గడి గీసినవారే ఈ పరిశీలకులు. ప్రపంచ చర్చిల మండలి 2002లో మొదలుపెట్టిన కార్యక్రమం కింద వివిధ దేశాల నుంచి వచ్చిన సామాన్యులు మూడేసి నెలలు అక్కడ ఉండి, పిల్లలతో కలిసి బడి దాకా నడిచి, తనిఖీల దగ్గర గడిచిన వేళలు లెక్క వ్రాశారు. ఆ పని చేసినవాళ్ళు సైనికులూ కాదు, దౌత్యవేత్తలూ కాదు.

* * *

హెబ్రోనులో రెండు రకాల పరిశీలకులు పనిచేశారు. ఆ తేడా గ్రహిస్తేనే నా వాదం బోధపడుతుంది.

మొదటి రకం అధికారిక పరిశీలక బృందం. 1994 నరమేధం తరువాత భద్రతా సమితి తీర్మానం, ఆ మీదట రెండు పక్షాల ఒప్పందం దీనికి మూలం. నార్వే, స్వీడను, ఇటలీ, స్విట్జర్లాండు, టర్కీ మొదలైన దేశాలవారు, నిరాయుధులు, రంగుచొక్కాలు తొడుక్కుని వీధులు తిరిగారు. 2002 మార్చిలో వారిలో ఇద్దరు కాల్పులకు ప్రాణాలు కోల్పోయారు. కనుక వాళ్ళ ధైర్యాన్ని శంకించను. అయితే వాళ్ళు చూసింది ఎవరికి చెప్పారు? రెండు ప్రభుత్వాలకు, తమను పంపిన దేశాలకు. అంతే. ప్రజలకు చెప్పే అధికారం వారికి లేదు. ఇరవై ఏళ్ళ పైచిలుకు కాలంలో నలభై వేలకు పైగా సంఘటనలు నమోదు చేశారని బయటికి తెలిసింది 2018 చివర, అదీ వారి అంతరంగిక నివేదిక ఒకటి పత్రికకు పొక్కినందువల్ల. మరునెల, 2019 జనవరి చివర, ఇజ్రాయెలు ప్రధాని నెతన్యాహు వారి గడువు పొడిగించనన్నాడు. బృందం సామాను సర్దుకుని పోయింది. ఆరునెలలకొకసారి పొడిగింపు కోసం ఎదురుచూసే సాక్షి, పొడిగించేవాడు వద్దనగానే పోక ఏం చేస్తాడు?

రెండవ రకం "మహ్సోం వాచ్". మహ్సోం అంటే హీబ్రూలో తనిఖీ కేంద్రం. 2001 జనవరిలో ముగ్గురు ఇజ్రాయెలీ స్త్రీలు దీన్ని మొదలుపెట్టారు, తరువాత వందల సంఖ్యకు చేరారు. అందరూ స్త్రీలే, వారిలో చాలామంది నడివయసు దాటినవారు, మనుమలు ఉన్నవారు. వంతుల వారీగా ప్రొద్దున ఒక జట్టు, మధ్యాహ్నం ఒక జట్టు వెస్టుబ్యాంకులోని తనిఖీ కేంద్రాలకు వెళ్ళి నిలబడతారు. ఇంటికి వచ్చి తాము చూసింది తేదీతో, వేళతో, చోటు పేరుతో వ్రాసి అంతర్జాలంలో పెడతారు. హీబ్రూలో పెడతారు, ఇంగ్లీషులో పెడతారు. ఎవరి అనుమతీ అడగరు. వారిని పంపినవారు లేరు కనుక వెనక్కు పిలిచేవారూ లేరు.

2004 నవంబరులో నాబ్లసు దగ్గరి బైత్ ఇబా కేంద్రంలో ఒక పాలస్తీనా యువకుడు సైనికుల ఎదుట నిలబడి వయొలిన్ వాయించాడు. సైనికులే వాయించమన్నారని అతడన్నాడు. తనంతట తానే వాయించాడని తరువాత సైన్యమంది. మహ్సోం వాచ్ స్త్రీ ఒకరు అక్కడ ఉండి దాన్ని చిత్రీకరించకపోతే ఈ రెండు వాదాలూ పుట్టేవి కావు; ఆ సంఘటనే ఉండేది కాదు. నాజీ శిబిరాలలో తమ పెద్దలచేత వాద్యాలు వాయింపించిన స్మృతి ఉన్న ఆ దేశం ఆ చిత్రం చూసి ఉలిక్కిపడింది. ఒక్క తుపాకి పేలలేదు, ఒక్క చెంపదెబ్బ పడలేదు. అయినా ఒక జాతి తన ముఖం తాను చూసుకోవలసి వచ్చింది.

మన భారతంలో ఈ ఇద్దరూ ఉన్నారు. మొదటివాడు సంజయుడు. వ్యాసుడు దివ్యదృష్టి ఇచ్చాడు. అతని కంటికి కనబడనిది లేదు. కాని చూసినదంతా ఎవరికి చెప్పాడు? కళ్ళులేని ఒక్క రాజుకు. అదీ ఎప్పుడు? భీష్ముడు పదవనాడు కూలిన తరువాత వచ్చి, మొదటి నుంచీ కథ ఎత్తుకున్నాడు. చక్కని వర్ణన, నిష్పాక్షికమైన వర్ణన. ఒక్క ప్రాణం నిలువలేదు. రెండవవాడు వికర్ణుడు. దుర్యోధనుని తమ్ముడు. భీష్ముడూ ద్రోణుడూ తలలు వంచుకున్న నిండుసభలో, ద్రౌపది ధర్మంగా గెలవబడలేదని లేచి చెప్పాడు. కర్ణుడు గద్దించాడు, ఎవరూ అతని మాట చెల్లించలేదు. యుద్ధంలో వికర్ణుడు అన్నగారి పక్షానే నిలిచి చచ్చిపోయాడు. అతణ్ణి చంపిన భీముడే విచారించాడు.

ఆ ఇజ్రాయెలీ అమ్మలకు వికర్ణుని పోలిక సరిగ్గా అతుకుతుంది. వారిలో సైన్యంలో పనిచేసినవారున్నారు, కొడుకులనూ మనుమలనూ సైన్యానికి పంపినవారున్నారు. తమ దేశాన్ని విడిచిపెట్టినవారు కారు. తనవారు తప్పు చేస్తుంటే తనవారి ఎదుట, అది జరుగుతున్న వేళ, బిగ్గరగా చెప్పడం, ఇదే వారి వ్రతం. ఎదుటివాడి పాపం చెప్పడానికి గొంతు ఉంటే చాలు. సొంతవాడి పాపం చెప్పడానికి వెన్నెముక కావాలి.

* * *

ఇక మన గడపకు వస్తాను.

మా నారాయణఖేడ్ తాలూకా నిజాము కాలంలో బీదరు జిల్లాలోది. 1956 రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాలో కలిసింది. 2016లో సంగారెడ్డి జిల్లా అయింది. మా సిర్గాపూర్ మండల కేంద్రమూ అప్పుడే అయింది. కాగితం మీద జిల్లా మారినంత సులువుగా మనుషుల చుట్టరికాలు మారవు. బీదరులో జరిగింది మాకు పరాయి ఊళ్ళో జరిగింది కాదు.

1948లో ఏం జరిగింది? మొదట రజాకార్లు చేసిన ఘోరాలు. మే నెలలో బీదరు జిల్లా గోర్టా, ఆగస్టులో బైరాన్‌పల్లి. ఊళ్ళకు ఊళ్ళు నెత్తురు మడుగులైనాయి. అదే ఆగస్టులో "ఇమ్రోజ్" పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాదు నడివీధిలో, చేయి నరికి, చంపారు. ముస్లిముగా పుట్టి, రజాకార్ల పాపాన్ని తన పత్రికలో ఎత్తి చూపిన మన వికర్ణుడు ఆయన. తరువాత సెప్టెంబరు 13 నుంచి భారత సైన్యం ప్రవేశం, 17న నిజాము లొంగుబాటు. ఇక్కడి వరకు మనం పిల్లలకు పాఠం చెబుతాం. ఆ తరువాతి వారాలు మన పాఠంలో లేవు.

ఆ వారాలలో రజాకార్లతో ఏ సంబంధమూ లేని వేలాది ముస్లిము గ్రామస్థుల మీద ప్రతీకారం సాగింది. ఆ వార్తలు ఢిల్లీకి చేరి, ప్రధాని నెహ్రూ కోరిక మీద ఒక సౌహార్ద బృందం వచ్చింది. పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. నవంబరు 29న హైదరాబాదు చేరి డిసెంబరు 21న ఢిల్లీకి తిరిగి వెళ్ళారు. రాష్ట్రంలోని పదహారు జిల్లాలలో తొమ్మిది తిరిగారు. 109 గ్రామాలకు చెందిన ఐదువందల మందికి పైగా మనుషులను విచారించారు. చనిపోయినవారు ఇరవై ఏడువేల నుంచి నలభైవేల దాకా ఉంటారని అంచనా కట్టారు. అన్నింటికంటే ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాలుగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడులను పేర్కొన్నారు. ఆ తరువాతి వరుసలో మెదకూ ఉంది. కొన్నిచోట్ల సైన్యంలోని, పోలీసులలోని మనుషులు లూటీని ప్రోత్సహించారని వ్రాశారు. ప్రాణాలకు తెగించి ముస్లిము పొరుగువారిని కాపాడిన హిందువులను గురించీ వ్రాశారు. ఒకే వృత్తి చేసుకునేవారి మధ్య, ముఖ్యంగా సాలెవారి మధ్య, ఆ ఆత్మీయత బలంగా కనిపించిందని ప్రత్యేకించి చెప్పారు.

ఆ నివేదిక ఏమైంది? హోం మంత్రి పటేల్‌కు అది రుచించలేదు. ప్రభుత్వం దాన్ని ప్రచురించలేదు. భాగాలు కొన్ని పరిశోధకుల చేతులలో తిరిగినా, ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అందరూ చూడడానికి వీలైంది 2013లో. అరవై ఐదేళ్ళు! అప్పటికి ఆ సాక్ష్యం చెప్పినవాళ్ళలో బ్రతికి ఉన్నవారెందరు?

సుందర్‌లాల్ బృందం మంచిది, నిజాయితీ కలది. కాని అది సంజయుని వంటి బృందం. చావులు ముగిశాక వచ్చింది, చూసింది రాజుకు చెప్పి పోయింది. ఆ సెప్టెంబరు చివరి వారాలలో బీదరు సందులలో, మా తాలూకా ఊళ్ళలో, ఒక చేతిలో పలకా బలపం పట్టుకుని అయినా నిలబడి చూసి, మరునాడే పదిమందికి వినబడేలా చెప్పినవాళ్ళు ఉంటే కథ వేరుగా ఉండేది. చావులన్నీ ఆగేవని అనను. అబద్ధాలు మాత్రం ఇన్ని పుట్టేవి కావు.

ఎందుకంటే సాక్ష్యం లేనిచోట మిగిలేది పుకారు. ఒక వర్గంవారికి ఒక లెక్క, మరొక వర్గంవారికి మరొక లెక్క. ఒకరి చావులు మరొకరి నోట రావు. ప్రతి సెప్టెంబరు 17నా మనం చేసే తగాదా చూడండి. ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, ఒకరు విద్రోహం అంటారు. 2022లో కేంద్ర ప్రభుత్వం విమోచన దినమని, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమని ఒకే ఊళ్ళో రెండు సభలు జరిపాయి. 2024లో మరో ప్రభుత్వం ప్రజాపాలనా దినోత్సవం అంది. పేరు మీద ఇంత పోరు సాగించే మనం, చచ్చిపోయినవారి పేర్ల పట్టిక ఊరూరా తయారు చేద్దామని ఒక్కసారి అనుకున్నామా? తెలుగు పండితుణ్ణి కనుక చెబుతున్నాను: విశేష్యం తెలియకుండా విశేషణం కోసం కొట్లాడడం వ్యాకరణానికి కూడా ఒప్పదు.

* * *

హైదరాబాదు హెబ్రోను కాదు. ఆ రెండింటినీ ఒకే త్రాసులో పెట్టడం నా ఉద్దేశం కాదు. మనకు విదేశీ సైన్యపు ఆక్రమణ లేదు. న్యాయస్థానాలు ఉన్నాయి, ఓటు ఉంది. అయితే మూసీకి ఈవల ఒక నగరం, ఆవల మరొక నగరం అన్న భావన మనలో లేదనగలమా? 1578లో పురానాపూల్ కట్టినవాళ్ళు రెండు ఒడ్డులను కలపడానికే కట్టారు. నాలుగు శతాబ్దాల తరువాత మనం "పాతబస్తీ" అన్న మాటను ఒక భయం పేరుగా వాడుతున్నాం. పికెట్టు, కర్ఫ్యూ, కర్ఫ్యూ పాసు, ఈ మాటలు అక్కడి పిల్లలకు మాతృభాషలోని మాటలంత పరిచితం. 1990 డిసెంబరు అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. 2010లో కూడా కర్ఫ్యూ పెట్టారు.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత "కార్డన్ సెర్చ్" అనే మాట వార్తలలో మామూలైపోయింది. వందల మంది పోలీసులు రాత్రివేళనో తెల్లవారుజామునో ఒక బస్తీని చుట్టుముట్టి, ఇల్లిల్లూ తట్టి, గుర్తింపు కార్డులూ బండి కాగితాలూ చూస్తారు. మరునాడు పత్రికలో వార్త: ఇన్ని ద్విచక్ర వాహనాలు స్వాధీనం, ఇంతమంది అనుమానితుల విచారణ. నేరస్థులను పట్టుకోవద్దని ఎవరూ అనరు. కాని ఏ బస్తీలను చుట్టుముడుతున్నారు, ఏ కాలనీల జోలికి పోవడం లేదు? అద్దాల మేడలున్న వీధిలో తెల్లవారుజామున నాలుగు గంటలకు తలుపు తట్టి బండి కాగితాలు అడిగిన వార్త మీరెప్పుడైనా చదివారా? ఆ వాహనాల లెక్క పోలీసులు ఇస్తారు. నిద్రలేచి గుమ్మంలో వణికిన ముసలమ్మల లెక్క ఎవరు ఇస్తారు? 2021లో లాక్‌డౌన్ వేళ దారిన పోయేవారిని ఆపి, మాస్కు తీయమని అడిగి ఫోటోలు తీసుకున్న సంగతి మీద ఒక పౌరుడు ఉన్నత న్యాయస్థానానికి వెళ్ళాడు. ఆయన తనకు జరిగింది వ్రాసిపెట్టుకున్నాడు కనుకనే వెళ్ళగలిగాడు.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిదిమంది, ఆ తరువాత పోలీసు కాల్పులలో ఐదుగురు చనిపోయారు. ఆ పైన ఎందరో ముస్లిము యువకులను పట్టుకుపోయారు. వారిని హింసించారన్న ఫిర్యాదు మీద రాష్ట్ర అల్పసంఖ్యాక వర్గాల కమిషన్ నియమించిన న్యాయవాది రవిచందర్ జైలుకు వెళ్ళి, వారి మాటలు విని, ఒంటి మీది గుర్తులు చూసి నివేదిక వ్రాశారు. ఆ సంవత్సరమే వ్రాశారు, ఆ సంవత్సరమే లోకానికి తెలిసింది. కేసులు మోపబడిన యువకులను తరువాత న్యాయస్థానాలు విడిచిపెట్టాయి. వేళకు నమోదైన సాక్ష్యానికీ, అరవై ఐదేళ్ళు పెట్టెలో మ్రగ్గిన సాక్ష్యానికీ ఉన్న తేడా ఇదే.

తెలుగువారికి ఈ సంప్రదాయం లేదని ఎవరూ అనకండి. పౌరహక్కుల సంఘం 1974 నుంచీ ఊరూరూ తిరిగి నిజనిర్ధారణ చేసింది. ఆ పని చేసినందుకు వారు పెట్టిన మూల్యం చిన్నది కాదు. 1985 సెప్టెంబరులో హనుమకొండలో పిల్లల వైద్యుడు రామనాథాన్ని, 1991లో నర్రా ప్రభాకరరెడ్డిని, 2000లో పురుషోత్తంను, 2001లో ఆజం అలీని చంపారు. చూసినవాడిని చంపుతున్నారంటే చూపుకు బలం ఉన్నట్టే కదా! "నిలబడి చూస్తే ఏమి ఒరుగుతుంది" అని అడిగేవారు ఈ నాలుగు పేర్లు చదివి మళ్ళీ అడగాలి.

* * *

ఇప్పుడు మిగిలిన ఆక్షేపణలు.

ఒక పక్షపు చూపు. నిజమే, అలాంటి పరిశీలకులు ఉన్నారు. దానికి మందు చూడడం మానడం కాదు, రెండువైపులా చూడడం. బాలగోపాల్ జీవితమే దానికి నిదర్శనం. రాజ్యహింసను పదునుగా వ్రాసిన ఆ మనిషే నక్సలైట్ల హింసనూ అదే కొలతతో కొలవాలని వాదించి, పాత సంఘం నుంచి బయటికి వచ్చి, సహచరులతో 1998లో మానవహక్కుల వేదిక ఏర్పరిచారు. సుందర్‌లాల్ నివేదిక కూడా రజాకార్ల దురాగతాలను మరుగుపరచలేదు. హెబ్రోనులో నిలబడే పరిశీలకునికి 1929 కూడా తెలిసి ఉండాలి, 2023 అక్టోబరు 7న హమాస్ చేసిన హత్యాకాండ కూడా తెలిసి ఉండాలి. తెలిసి కూడా, ఈ రోజు ఈ గేటు దగ్గర ఈ గర్భిణిని ఆపారని వ్రాయాలి. ఆమె ఆ రెంటిలో దేనికీ జవాబుదారు కాదు.

అన్యాయానికి మర్యాద దక్కడం. ఈ మాట ఇజ్రాయెలులోని వామపక్షం వారే మహ్సోం వాచ్ స్త్రీలను అన్నారు: మీరు నిలబడి అనుమతి పత్రాలకు సాయం చేయడం వల్ల తనిఖీ కేంద్రం సజావుగా నడుస్తోంది, కూలవలసింది నిలుస్తోంది అని. ఇందులో కొంత నిజం ఉంది; 2001 నుంచీ వారు నిలబడినా ఆ వ్యవస్థ కూలలేదు. కాని వైద్యుడు నాడి పట్టుకుని చూస్తే రోగాన్ని ఆమోదించినట్టా? రోగి కేసు కాగితం చింపివేస్తే రోగం తగ్గుతుందా? చూపు ఒక్కటే అన్యాయాన్ని కూల్చదు. చూపు లేకుండా కూల్చడం అసలే సాధ్యం కాదు.

ఇక మనకెందుకు అన్నది. దానికి బీదరు సమాధానం. దూరదేశపు అన్యాయం మీద కన్నీరు కార్చడం మనలో చాలామందికి సులువు. ఖర్చు లేదు, ప్రమాదం లేదు. ఆ సులువు నాకు అక్కరలేదు. హెబ్రోను నుంచి నాకు కావలసింది పద్ధతి.

ఆ పద్ధతి ఇది. తేదీ, వేళ, చోటు తప్పక వ్రాయాలి. కళ్ళతో చూసింది ఒకవైపు, చెప్పగా విన్నది ఒకవైపు విడిగా వ్రాయాలి. బాధితుని అనుమతి లేకుండా పేరు వ్రాయరాదు. రెండువైపులా అడగాలి, పోలీసు జవాను కూడా ఒక తల్లి బిడ్డే, వాడికి తిండి అందని సంగతి కూడా వ్రాయాలి. విశేషణాలు వాడరాదు. అలంకారశాస్త్రం చెప్పి బ్రతికినవాణ్ణి ఈ మాట అంటున్నానంటే ఆలోచించండి: ఘోరం, దారుణం, అమానుషం అన్న మాటలు చదువరి అనాలి, వ్రాసేవాడు కాదు. "నలభై నిమిషాలు నిలబెట్టారు" అన్నదానిలో ఉన్న బలం ఏ ఉపమాలంకారానికీ లేదు. చివరగా, అన్నింటికంటే ముఖ్యంగా, వ్రాసింది ఆనాడే ప్రజల ఎదుట పెట్టాలి. ఏ కార్యాలయానికీ మూసిన కవరులో ఇచ్చి ఊరుకోరాదు.

మనవంటి విశ్రాంత ఉద్యోగులు ప్రతి ఊళ్ళో ఉన్నారు. పింఛను వస్తోంది, ప్రొద్దుపోవడం లేదు. పోలీసులు నలుగురిలో మూడుసార్లు ఆలోచించి గాని మాట తూలని నెరిసిన జుట్టు ఉంది. ముత్యాల్లాంటి చేతివ్రాత ఉంది. ఆ ఇజ్రాయెలీ అమ్మమ్మలకు ఇంతకంటే ఎక్కువ సాధనసంపత్తి ఏమీ లేదు. నగరంలో ఉన్న మిత్రులు వచ్చే కార్డన్ సెర్చ్ నాడు ఆ బస్తీ మొగలో నిలబడి చూడవచ్చు. పల్లెలలో ఉన్నవాళ్ళం మరొక పని చేయవచ్చు: 1948ని కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా ఒకరో ఇద్దరో మిగిలి ఉంటే, ఆనాటి పసివాళ్ళు ఈనాటి పండు ముసలివాళ్ళు, ఏ వర్గంవారైనా సరే, వెళ్ళి అడిగి వ్రాసుకోవచ్చు. ఆ పని నేను మా చుట్టుప్రక్కల ఊళ్ళలో చేయదలచాను. బీదరు, నాందేడు వైపు ఊళ్ళలో ఉన్న చదువరులు ఎవరైనా చేయి కలిపితే సంతోషిస్తాను. ఎనభై దాటినవాళ్ళు కనుక ఎండాకాలం దాకా ఆగవద్దు.